ఈశాన్యంలో నీళ్ళు

ఆష్‌బర్న్, ఫిబ్రవరి 11, 2023

రేణూ,

ఫోన్ చేయకుండా కాగితం రాస్తున్నానేమిటని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, అసలు సంగతి ఇద్దరికీ గుర్తుండదు. ఈమెయిల్ మీ బావకీ నాకూ ఒకటే. కాగితమైతే నువ్వెంత తిట్టినా గరాజ్‌లో కూర్చుని నెమ్మదిగా చదువుకోవచ్చు.

మీ బావ ప్రాజెక్ట్ న్యూజెర్సీకి మారింది. జూలై నుంచి అక్కడి ఆఫీస్‌కి వెళ్ళాలి. ఇల్లు వెతుకుతుంటే ఎక్కడ తగిలిందో తెలుసా? మీ వెండెల్‌బ్రూక్‌లోనే, కిల్న్ స్ట్రీట్‌లో. ఫొటోలు చూసినప్పటి నుంచి మా అత్తయ్య కాలు నేల మీద నిలవటం లేదు. విజయవాడలో వాస్తు చెప్పే పరంధామయ్యగారికి వీడియోలో చూపించాం. తూర్పు ముఖం, నేల ఈశాన్యానికి పల్లం, ఆ మూలనే పారే వాగు. ఇలాంటి స్థలం అమెరికాలో తన కంటపడటం ఇదే మొదలన్నారు. అత్తయ్య ఇంకో ఇల్లు చూడనివ్వటం లేదు.

నువ్వు మూడేళ్ళుగా అక్కడే ఉన్నావు కదా. ఆ ఊరి సంగతులు రాయి. ఎప్పటి ఊరు, ఎవరుంటారు, బడి ఎలా ఉంటుంది, మనవాళ్ళున్నారా, భయం లేకుండా బతకొచ్చా. అనుష్కకి తొమ్మిదేళ్ళొచ్చాయి, సైకిల్ మీద ఒక్కర్తినే తిరుగుతానంటోంది.

ఇంకో మాట. నువ్వు మా ఇంట్లోంచి బ్యాగ్ పట్టుకుని వెళ్ళిపోయిన రోజుని నేను మరచిపోయాను. నువ్వూ మరచిపో.

నీ పెద్దమ్మ కూతురినని గుర్తుంటే జవాబు రాయి,
పద్మక్క


వెండెల్‌బ్రూక్, ఫిబ్రవరి 18, 2023

పద్మక్కా,

ఆ ఇల్లు కొనొద్దు. ఉత్తరం ఇక్కడితో ఆపేసినా చాలు. ఊరి గురించి అడిగావు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

ఇది ఊరంటే ఊరు కాదు. ఒక గుట్ట, గుట్ట కింద ఒక గుంట. ఈ చివర టీ పోసుకుని నడవటం మొదలుపెడితే ఆ చివరకి వెళ్ళేసరికి కప్పు ఇంకా వేడిగానే ఉంటుంది. అయినా దీనికి సొంత మేయరు, సొంత కౌన్సిలు, సొంత పోలీసులు. నూరేళ్ళకి పైబడి ఇలాగే ఉంది. అంతకు ముందు పెద్ద టౌన్‌షిప్‌లో భాగం. మా పన్నుతో పక్క ఊళ్ళో బడి కట్టటమేమిటని గుట్ట మీది పెద్దమనుషులు గొడవపడి, విడిపోయి, బరో అని తమకంటూ ఒక చిన్న మునిసిపాలిటీ పెట్టుకున్నారు. అంటే ఈ ఊరు పుట్టిందే పిసినారితనంలోంచి.

గుట్ట కింద ఇద్దరు అన్నదమ్ములు ఇటుక బట్టీ పెట్టారు. పోలండ్, హంగేరీల నుంచి వచ్చిన కూలీలు బంకమట్టి తవ్వారు. ఇక్కడి ఇటుకలు పడవల్లో న్యూయార్క్ వెళ్ళి మేడలయ్యాయి. తవ్విన గుంట మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. బట్టీ మూతపడ్డాక అందులో బూడిద, చెత్త, పాత కార్లు పోసి, పైన మట్టి కప్పి ఇళ్ళు కట్టారు. కిల్న్ అంటే బట్టీ అని బావకి తెలిసే ఉంటుంది. పక్క వీధి పేరు పిట్ లేన్ అని ఉండేది. ఇళ్ళు అమ్ముడుపోవటం లేదని లేక్‌వ్యూ అని మార్చారు. అక్కడ లేక్ లేదు. వానొస్తే ఉంటుంది.

ఇవి నాకెవరూ నేర్పలేదు. ఇంటర్ దాకా చదివినదాన్ని. లంచ్ టైమ్‌లో లైబ్రరీకి పోయి అడుగు అరలో పుస్తకాలు చదివాను, అర్థం కానిది మా ఫోర్‌మన్ గస్‌ని అడిగాను. బరోలో నేను చేసే పని మీ అత్తకి గవర్నమెంట్ ఆఫీస్ అని చెప్పావట. చెత్త ఎత్తుతాను అక్కా. మంచు తోస్తాను. కాలువలకి అడ్డంపడ్డ కుళ్ళు లాగుతాను.

ఇక నీ వాగు. గుట్ట మీది నీళ్ళన్నీ మోసుకొచ్చి సరిగ్గా ఆ ఇంటి ఈశాన్య మూల దగ్గర రోడ్డు కింది తూములో దూరుతుంది. తూము బట్టీల కాలం నాటిది, ఇరుకు. దానికి ఏదైనా అడ్డంపడితే నీళ్ళు వెళ్ళేది ఆ ఇంట్లోకే. నేనొచ్చాక ఆ ఇంటి ముందు నుంచి తడిసిన కార్పెట్లు రెండుసార్లు ట్రక్కుకెత్తాను. రెండుసార్లూ వేరే వేరే కుటుంబాలు.

బడి మంచిదే. మనవాళ్ళు గుట్ట మీద, స్టేషన్ దగ్గర ఉన్నారు. అక్కడ కొనండి. దిక్కు ఏదైనా సరే.

రేణు


ఆష్‌బర్న్, మార్చి 2, 2023

రేణూ,

అడిగింది ఊరి గురించి. రాసింది శాపనార్థాలు.

నీ ఉత్తరంలో ముక్క మీ బావకి చెప్పాను. వెంటనే లాప్‌టాప్ తెరిచి వరద మ్యాప్ చూపించాడు. గీత మన ఇంటికి అవతలే ఆగిపోయింది. బ్యాంకు వాళ్ళు వరద ఇన్సూరెన్స్ కూడా అడగలేదు. ఇంత పెద్ద బ్యాంకుకి తెలియనిది మీ చెల్లెలికి తెలుసా అన్నాడు. పోటీ ఎక్కువగా ఉందని ఏజెంట్ తొందరపెడితే కొనే ముందు చేయించే ఇన్‌స్పెక్షన్ వద్దని రాసిచ్చి ఆఫర్ పెట్టాం. వాళ్ళు ఒప్పుకున్నారు.

అత్తయ్య ఏమందో కూడా రాస్తాను, దాచుకుంటే కడుపుబ్బుతుంది. మనం పక్కకి వెళ్తే తన గుట్టు బయటపడుతుందని ఆ పిల్ల భయం, అంది. ఎవరితోనైనా ఉంటున్నావా రేణూ? ఉంటే నాతో చెప్పు, నేను సర్దిచెప్తాను. దాని కోసం ఇంటిని తిట్టకు.

మేం రావటం నీకు ఇష్టం లేదని మాత్రం అర్థమైంది.

పద్మ


వెండెల్‌బ్రూక్, మార్చి 7, 2023

అక్కా,

నేనెవరితోనూ ఉండటం లేదు. ఉంటే మీ అత్తకి ఫొటో పంపేదాన్ని.

ఇన్‌స్పెక్షన్ వదులుకున్నారా? వంకాయ కొంటే పుచ్చు ఉందేమోనని నాలుగువైపులా తిప్పి చూస్తుంది మీ అత్త. ఇల్లు మాత్రం దిక్సూచి పెట్టి కొన్నారు. మ్యాప్ గీసినవాడు ఈ తూము దగ్గర ఒక్క వానలో నిలబడి ఉంటే గీత ఎక్కడ పడేదో చూసేవాళ్ళం.

నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. పోయిన సెప్టెంబర్‌లో వాన పడుతుంటే ఆ తూముకి అడ్డంపడ్డ ఆకులూ కొమ్మలూ కొక్కెంతో లాగుతున్నాను. నీళ్ళు మోకాలి దాకానే. ఒక్కసారి అడ్డం ఊడిపోయింది. నీళ్ళు నా కాళ్ళు పట్టుకుని లోపలికి గుంజాయి. నడుం దాకా తూములోకి పోయాను. గస్ నా బెల్టు దొరకబుచ్చుకున్నాడు. ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో స్తంభాన్ని పట్టుకుని ఆ ముసలాయన ఏడుస్తున్నాడు. తూములో చీకటి కాదు భయపెట్టింది, చప్పుడు. నేను వెళ్ళిపోవటానికి దానికేమీ అభ్యంతరం లేదన్నట్టు ఉంది ఆ చప్పుడు. తర్వాత చాలా రోజులు షవర్ కింద నిలబడలేక మగ్గుతో పోసుకున్నాను.

అనుష్క సైకిల్ తొక్కబోయేది అక్కడ.

మీరు రావటం ఇష్టం లేదన్నావు. ఆదివారం పూట తెలుగులో మాట్లాడటానికి మనిషి లేక రేడియోతో మాట్లాడుతున్నాను నేను. రండి. గుట్ట మీదకి రండి. ఆఫర్ వెనక్కి తీసుకోండి, పోయేదేదో పోనీ.

నాకు భయంగా ఉంది అక్కా. అసూయ కాదు, భయం.

రేణు


ఆష్‌బర్న్, ఏప్రిల్ 3, 2023

రేణూ,

పోస్టు తెచ్చేది అత్తయ్య. నీ కవరు బియ్యం డబ్బా వెనక నిన్న దొరికింది. పెట్టి మరచిపోయానంది. మరచిపోయిందా, మరచిపోయినట్టు ఉందా అని నేను అడగలేదు.

ఇల్లు శుక్రవారమే మా పేరు మీదకి వచ్చేసింది. సంతకాలప్పుడు మీ బావ నవ్వుతున్న ఫొటో నీకు వాట్సాప్‌లో పంపాను, నువ్వు చూసి ఊరుకున్నావు. ఎందుకు ఊరుకున్నావో ఇప్పుడు తెలిసింది.

గరాజ్‌లో కారులో కూర్చుని చదివాను. తూము దగ్గరకి వచ్చేసరికి కారు తలుపులు లాక్ చేసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. మీ బావతో అంటే ఇప్పుడా చెప్పేది అంటాడు. అత్తయ్యతో అంటే అపశకునం అంటుంది. కింది అంతస్తులో ఈశాన్యం గది తనకే కావాలంటోంది. వీధిలోంచి మెట్లెక్కకుండా నేరుగా వెళ్ళొచ్చు, మోకాళ్ళకి సుఖం, దేవుడూ పక్కనే. అనుష్క ఆటబొమ్మలు కూడా ఆ కిందేనట.

తిట్టు, పడతాను. తిట్టాక ఏం చేయాలో చెప్పు.

పద్మక్క


వెండెల్‌బ్రూక్, ఏప్రిల్ 8, 2023

అక్కా,

తిట్టే ఓపిక లేదు. తిట్టాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, ఇల్లు అమ్మినవాడూ, అమ్మించినవాడూ. వాళ్ళు ఉత్తరాలు చదవరు.

కింద ఎవరూ పడుకోకూడదు. ఇది ముందు. వాన పడుతుండగా కింది తలుపు ఎవరూ ముట్టుకోకూడదు. బయట నీళ్ళు పెరిగి ఉంటే ఆ తలుపు తీసినవాళ్ళు మళ్ళీ వేయలేరు. కింద ఉన్నప్పుడు కార్పెట్ చెమ్మగా తగిలితే ఏదీ తీసుకోవటానికి ఆగకుండా పైకి రావాలి. అనుష్కతో ఇది బట్టీ పట్టించు. ఎక్కాలు తర్వాత.

నిన్న మీ ఇంటి దగ్గరకి పోయాను. పక్కింట్లో మిసెస్ కవాల్స్కీ అనే ముసలావిడ ఉంటుంది. వాళ్ళ తాత ఆ గుంట తవ్వినవాళ్ళలో ఒకడు. ఆవిడ కింది అంతస్తులో ఒక్క కుర్చీ కూడా ఉంచదు. మీవాళ్ళకి చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను. మరి ఎందుకు కొన్నారంది. దేవుడి మూల అని చెప్పాను. ఆవిడ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మీ అత్తని పైకి ఎక్కించటం నీ వల్ల అవుతుందా?

రేణు


ఆష్‌బర్న్, జూన్ 25, 2023

రేణూ,

అయింది. ఎలాగో విను.

పరంధామయ్యగారికి నేనే ఫోన్ చేశాను, ఎవరూ లేనప్పుడు. మా అత్తగారికి ఈశాన్యం గదిలో పడుకున్నట్టు పీడకల వచ్చిందండీ అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "అయ్యో తల్లీ, ఈశాన్యంలో దేవుడు తప్ప ఎవరూ పడుకోకూడదు. ఇంటి పెద్ద ఉండాల్సింది నైరుతిలో, అదీ ఎత్తులో" అన్నారు. అదే మాట అత్తయ్యకి చెప్పమని ఫోన్ ఇచ్చాను. నైరుతి గది పై అంతస్తులో ఉంది. అత్తయ్య తన మంచం అక్కడే వేయమంది. పెళ్ళయ్యాక ఆవిణ్ణి మోసం చేయటం ఇదే మొదలు.

దేవుడి గదిని మాత్రం కింది నుంచి కదపలేకపోయాను.

జూలై ఒకటిన మీ బావ, అత్తయ్య, అనుష్క వచ్చేస్తున్నారు. నా కాంట్రాక్ట్ ఆగస్టు దాకా ఉంది, నేను ఇక్కడే ఉంటాను. ఒక కన్ను వేసి ఉంచు. మీ బావ ముభావంగా ఉంటాడు, పట్టించుకోకు.

పద్మక్క


వెండెల్‌బ్రూక్, జూలై 20, 2023

అక్కా,

బావ నీకు ఫోన్‌లో, బేస్‌మెంట్‌లోకి కొంచెం నీళ్ళొచ్చాయి, అందరూ సేఫ్, అన్నాడని అనుష్క చెప్పింది. సేఫ్ అన్నది నిజం. మిగతాది నేను రాస్తాను, కూర్చుని చదువు.

సోమవారం మధ్యాహ్నం నుంచీ వాన. ఐదు దాటేసరికి గుట్ట మీది నీళ్ళు ఎర్రగా దిగాయి. పెద్ద కొమ్మ ఒకటి కొట్టుకొచ్చి తూముకి అడ్డంపడింది. గస్ ట్రక్కుకి గొలుసు కట్టి, కొమ్మకి కొక్కెం తగిలించమన్నాడు. నేను దిగలేదు. దిగలేకపోయాను అక్కా. కాళ్ళు రాలేదు. ఇన్నాళ్ళూ అందర్నీ పిరికివాళ్ళని తిట్టినదాన్ని, రోడ్డు మీద కర్రలా నిలబడిపోయాను. గస్ తనే దిగాడు.

అప్పుడు మీ పై కిటికీలోంచి అనుష్క పిలిచింది. "పిన్నీ, బామ్మ పైకి రావటం లేదు. షి ఈజ్ ప్రేయింగ్." అరవలేదు, హోంవర్క్ అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. కింద బొమ్మల దగ్గర ఉండగా కార్పెట్ తడిగా తగిలిందట, నువ్వు చెప్పినట్టే ఏదీ తీసుకోకుండా పైకి వచ్చేసింది.

నీళ్ళు దాటి ఎలా వెళ్ళానో గుర్తులేదు. మెట్లు దిగి చూస్తే మీ అత్త పీట మీద కూర్చుని ఉంది, ముందు అర మీద దీపం. పీట మునిగి నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి. వెనక కిటికీ బయట వాగు అద్దం సగం దాకా నిలబడి ఉంది. చేపలతొట్టె చూసినట్టు చూస్తోంది ఆవిడ. నన్ను చూసి నవ్వింది.

"ఈశాన్యం నుంచే వస్తున్నాయమ్మా. ఏమీ చేయవు" అంది.

చంకల కింద చేతులు వేసి లేపాను. పటాలు వదలనంది. వదలకు, గట్టిగా పట్టుకో అన్నాను. నేను ఆవిణ్ణి మోశాను, ఆవిడ దేవుళ్ళని మోసింది. మెట్ల సగానికి వచ్చామో లేదో కిటికీ పగిలింది. తిరిగి చూస్తే గది లేదు. నీళ్ళూ, వాటి మీద తేలుతున్న సోఫా.

బావ ఆఫీస్ నుంచి వచ్చేసరికి కొమ్మ ఊడింది, నీళ్ళు తగ్గుతున్నాయి. ఆయనకి కనిపించింది తగ్గిన నీళ్ళే. అందుకే కొంచెం అన్నాడు.

మీ అత్త పొడి చీర కట్టుకున్నాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నువ్వు ఆఫీస్‌లో కదా చేసేది అంది. అవునన్నాను.

రేణు


ఆష్‌బర్న్, ఆగస్టు 6, 2023

రేణూ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అనుష్కని పక్కలోంచి కదలనివ్వటం లేదు. దాన్నీ అత్తయ్యనీ ఇక్కడికి తీసుకొచ్చేశాను. నీకు ఏమని చెప్పను? పైగా ఇప్పుడు రాయబోయేది చదివి నువ్వు నా మొహం చూడవు.

మీ బావ కింది అంతస్తు బాగుచేయిస్తున్నాడు. కొత్త గోడలు, కొత్త కార్పెట్, పెయింట్. అమ్మేద్దామంటున్నాడు. పరంధామయ్యగారే ఒక కుటుంబాన్ని చూశారు. మోరిస్‌విల్‌లో ఉంటారు, గీతాంజలి అని చిన్న వయసు అమ్మాయి, కడుపుతో ఉంది, ఆరో నెల. తూర్పు ముఖం, ఈశాన్యంలో నీళ్ళు అనగానే ఎగిరి గంతేశారట. వాళ్ళు అడిగితేనే చెప్దాం, అడక్కపోతే లేదు, అంటున్నాడు మీ బావ. వాళ్ళు చూడటానికి వచ్చే రోజు నిన్ను ఆ వీధిలో కనపడొద్దన్నాడు.

మీ బావ చెడ్డవాడు కాదు రేణూ. భయపడ్డాడు. ఉద్యోగం, వీసా, ఇల్లు అన్నీ ఒకే మేకుకి వేలాడుతున్నాయి. రాత్రంతా అటూ ఇటూ తిరుగుతున్నాడు. నా కూతుర్ని నాకిచ్చావు. ఇంకొక్క సాయం చేయి. నోరు విప్పకు.

పద్మ


వెండెల్‌బ్రూక్, ఆగస్టు 11, 2023

అక్కా,

విప్పను. ఆ రోజు సెలవు పెట్టి గదిలో పడుకుంటాను. మీ ఇల్లు, మీ పెయింట్.

అయినా రాస్తున్నాను, చదివి చింపెయ్యి. ఆ రోజు గస్ చెప్తే నా కాళ్ళు కదల్లేదు. అనుష్క పిన్నీ అంటే కదిలాయి. నాలో ఉన్న ధైర్యం అంతే, పిలిచిన మనిషిని బట్టి ఉంది. ఆ పుట్టబోయే బిడ్డకి నా పేరు తెలియదు. నాకు ఆ బిడ్డ పేరు తెలియదు. వానొచ్చినప్పుడు తూము దగ్గర నిలబడేది మాత్రం నేనే. ఈసారి నేను దిగలేకపోతే ఎవరు దిగుతారో నువ్వు చెప్పు.

ఇల్లు మీకు అమ్మినవాడి భార్య కూడా ఇలాగే ఎక్కడో కూర్చుని ఏడ్చి ఉంటుంది. ఆవిడ ఏడుపు నీకేమైనా పనికొచ్చిందా?

ఇక రాయను.

రేణు


ఆష్‌బర్న్, సెప్టెంబర్ 3, 2023

రేణూ,

రాయనన్నావు. చదవనని అనలేదు.

మొన్న ఆ గీతాంజలి నాకు ఫోన్ చేసింది. మగవాళ్ళు కాగితాలు చూసుకుంటారు అక్కా, నేను మిమ్మల్ని ఒక్క మాట అడుగుదామని చేశాను, ఆ ఇంట్లో మీకు ఎలా ఉంది, అంది. నేను వంటింట్లో ఉన్నాను. మీ బావ వీకెండ్‌కి వచ్చి హాల్లో టీవీ చూస్తున్నాడు. అత్తయ్య నా ఎదురుగా కూర్చుని పప్పు ఏరుతోంది.

"కొనొద్దమ్మా" అన్నాను.

తర్వాత అన్నీ చెప్పాను. గుంట, తూము, కిటికీ, పీట. గొంతు తగ్గించి చెప్దామనుకున్నాను, తగ్గలేదు. హాల్లో టీవీ ఆగిపోయింది. ఆ అమ్మాయి అన్నీ వింది. తర్వాత ఏడ్చింది. థ్యాంక్స్ అక్కా అని పెట్టేసింది. మీ బావ కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటి నుంచి నాతో మాట లేదు. అత్తయ్య మాత్రం పప్పు చేట పక్కన పెట్టి, ఆ పిల్లకి ఏ నెల అంది. చెప్పాను. మళ్ళీ పప్పు ఏరుకుంది.

ఇల్లు ఇప్పట్లో అమ్ముడుపోదు. ఇక్కడి అద్దె ఇల్లు వదిలేశాం. శనివారం అందరం అక్కడికే వచ్చేస్తున్నాం. పై గదుల్లో సర్దుకుంటాం. దేవుణ్ణి వంటింటి గూట్లో పెడదామని అత్తయ్యే అంది. అది ఏ దిక్కో నేను చూడలేదు.

ధైర్యం వచ్చి చేశాననుకోకు. ఇక్కడ చినుకు పడ్డా లేచి కూర్చుంటున్నాను. అనుష్క పాదాలు తడిమి, పొడిగా ఉన్నాయని చూసుకుని మళ్ళీ పడుకుంటున్నాను. అక్కడికి వచ్చాక నిద్ర ఎలా పడుతుందో తెలియదు.

ఒక్కటి అడుగుతున్నాను. వాన రోజున నువ్వు గదిలో ఉండవు, వీధిలో ఉంటావు. నీ గది గుట్ట మీద. దాని తాళం చెవి ఇంకొకటి చేయించి నాకివ్వు. మబ్బు పట్టగానే పిల్లనీ అత్తయ్యనీ తీసుకుని అక్కడికి వచ్చేస్తాను. మేం గుట్ట మీద ఉంటాం, ఆ తూము దగ్గర నిన్ను పిన్నీ అని పిలిచేవాళ్ళు ఉండరు, కాళ్ళు రాకపోతే రాకపోనీ, దిగకు. దిగకుండా ఇంటికి రా. నువ్వు వచ్చేదాకా తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటాను.

పద్మక్క